బావి తవ్వుకునే చేప

అమ్మ తుంటి ఎముక విరిగిన ఏడాది వానలు బాగా ఆలస్యమయ్యాయి. ఇంటి గుడి దగ్గర కొబ్బరాకు దొన్నెలో పూలు పెట్టి, మెట్లు దిగుతూ జారిపడింది. సింగరాజ పట్నం ఆసుపత్రిలో ఎముకకి మేకు వేసి, కొన్ని నెలలు మంచం దిగకూడదని చెప్పి ఇంటికి పంపారు. పెళ్లయిన నాటి నుంచీ నాన్నతో పాటు పడవెక్కిన మనిషి ఆమె. అలాంటి మనిషిని తూర్పు వసారాలో మంచం మీద పడుకోబెడితే, మొదటి రోజే నన్ను పిలిచి అడిగింది.

"రత్మీ, సముద్రం ఎటుందే?"

"అక్కడే ఉంది మేమే. ఎక్కడికి పోతుంది?"

"చప్పుడొస్తోంది గానీ కనబడట్లేదే. గోడలు చూస్తూ పడుండడానికా ఇన్నాళ్లూ బతికింది?"

అమ్మని మేం మేమే అనీ నాన్నని బాపా అనీ పిలుస్తాం. ఆ రోజు ఆ మాట అంటున్నప్పుడు అమ్మ గొంతులో విసుగు కన్నా భయం ఎక్కువ వినిపించింది. నేను దుప్పటి సర్ది లేచి వెళ్లిపోయాను.

అప్పట్లో నేను రంగుచేపల షెడ్డులో పనిచేసేదాన్ని. ఊళ్లో మగవాళ్లు వలలతో పట్టి తెచ్చిన చేపల్ని రకాలవారీగా వేరుచేసి, గాలి నింపిన సంచుల్లో కట్టి దెన్‌పసార్ నగరానికి పంపడం మా పని. అక్కణ్ణుంచి అవి విమానాలెక్కి ఏయే దేశాల్లోనో ఎవరెవరి ముందుగదుల్లోకో వెళ్లేవి. మా సముద్రం అందరి ఇళ్లలోనూ ఉండేది, మా ఇంట్లో తప్ప.

షెడ్డు మూలన అంచు పగిలిన గాజుతొట్టె ఒకటి ఎన్నాళ్ల నుంచో పడి ఉంది. యజమానురాలిని అడిగి ఇంటికి తెచ్చాను. నాన్న పగులుకి జిగురు పూసి, ఎండబెట్టి, అమ్మ మంచానికి ఎదురుగా దిమ్మె మీద ఎక్కించాడు. అడుగున ఇసుక పోసి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన రాళ్లు పేర్చాడు. చచ్చిపోయిన పగడపు దిబ్బ మీద మళ్లీ పగడాలు నాటే గుంపు ఒకటుండేది మా ఊళ్లో. నాన్న అందులో ముఖ్యుడు. వాళ్లు సిమెంటు బిళ్లల మీద పెంచిన పగడపు పిలకలు కొన్ని తెచ్చి రాళ్ల మధ్య నిలబెట్టాడు. రోజూ పొద్దున్నే డబ్బాలతో సముద్రం నీళ్లు మోసుకొచ్చి మార్చేవాడు.

నీళ్లు కుదురుకోవడానికి వారాలు పట్టింది. అన్నాళ్లూ అమ్మ ఆ ఖాళీ తొట్టెనే చూస్తూ ఉండేది. రాళ్ల సందుల్లోంచి నత్తలూ చిన్న చిన్న పీతలూ బయటపడితే వాటికి పేర్లు పెట్టింది. ఒక ముసలి నత్తకి ఊరిపెద్ద పేరు పెట్టింది, అది ఎప్పుడూ తినే చోటికి అందరికంటే ముందు చేరుతుందని.

"ఇక చేపని తెద్దాం మేమే" అన్నాను ఒక రోజు. "తొట్టె చిన్నది, ఒక్క రకమే పెట్టాలి. నీకేం కావాలో చెప్పు."

"అందరి తొట్టెల్లోనూ ఉండేది మాత్రం వద్దు" అంది అమ్మ. తరవాత గొంతు పెంచి, పక్కింటి గోడవైపు మొహం తిప్పి, "ఇంకోటి. కొట్లాడే జాతి అసలొద్దు. గోడకి అటూ ఇటూ ఉన్న కొట్లాట చాలు నాకు. తొట్టెలో కూడానా?" అంది.

పక్కన వల బాగుచేసుకుంటున్న నాన్న తల వంచుకున్నాడు. గోడ అవతల ఎవరో దగ్గారు.

ఆ దగ్గింది తస్త్ర మామ, అమ్మకి సొంత అన్న. నేను 'వా' అనేదాన్ని. నాన్నా ఆయనా ముప్పై ఏళ్లు ఒకే పడవలో తిరిగారు. పడవలో కంప్రెసర్ నడుస్తుంటే, గాలిగొట్టం పళ్లతో కరిచిపట్టుకుని ఇద్దరూ సముద్రం అడుగుకి దిగేవారు. పైన కంప్రెసర్ కాపలా అమ్మది. ఆ రోజుల్లో అందరూ పొటాస్ విషం వాడేవారు. నీళ్లలో కలిపి సీసాతో పగడాల సందుల్లో చిమ్మితే చేపలు మత్తెక్కి చేతికొచ్చేవి. చేపలు వచ్చాయి. పగడాలు తెల్లబడి చచ్చాయి. కొన్నాళ్లకి చేపలు కూడా రావడం మానేశాయి. అప్పుడు ఊరు కళ్లు తెరిచి, వలలు పట్టడం నేర్చుకుని, ఇక పొటాస్ ముట్టకూడదని కట్టుబాటు చేసుకుంది.

అప్పటికే మామ ఎడమకాలు పట్టు తప్పి ఉంది. ఒకసారి కంప్రెసర్ బెల్టు తెగి గాలి ఆగిపోతే, ఆయన లోతులోంచి గబగబా పైకొచ్చేశాడు. అలా వచ్చినవాళ్లకి ఒంట్లో గాలిబుడగలు కట్టి కీళ్లూ నరాలూ దెబ్బతింటాయి. అప్పట్నుంచి కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. చేపల్ని వలలోకి తరమాలంటే రెండు కాళ్లూ బలంగా ఆడాలి. సీసా చిమ్మడానికి చెయ్యి చాలు. మామ చాటుగా చిమ్ముతూనే ఉన్నాడు. నాన్నకి అది తెలుసు. ఊరి సభలో, "ఇంకా ఎవరు వాడుతున్నారో తెలిసినవాళ్లు చెప్పండి" అని పెద్దలు అడిగితే, నాన్న లేచి నిలబడి బావగారి పేరు చెప్పాడు.

మామకి ఊరు తప్పు వేసింది. సభలోంచి బయటికొస్తూ ఆయన నాన్నని పేరు పెట్టి పిలిచి ఒక్క మాటన్నాడు. "నీకు కాళ్లున్నాయి నెంగా. అందుకని నీతి కూడా ఉంది."

అంతే. ఆ తరవాత మామ సముద్రం వైపు పడవ తిప్పలేదు. ఒడ్డున ఉప్పు పండించుకుంటూ, పందెంకోళ్లు పెంచుకుంటూ బతికాడు. ఏళ్లు గడిచాయి. మా అత్త పోయినప్పుడు నాన్న వెళ్లి పాడె మోశాడు గానీ, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అసలు మాటలే లేవంటే అది అబద్ధం. మామ కోడితో మాట్లాడేవాడు. సాయంత్రంపూట ఎర్రకోడిని ఒళ్లో పెట్టుకుని, గోడ దాటి వినబడేలా, "ఏరా, పక్కింటి కొబ్బరిమట్ట మన పెంకుల మీద పడేలా ఉంది. వాళ్లకి కళ్లు లేవేమో, నువ్వన్నా చెప్పు" అనేవాడు. నాన్నకి కోళ్లు లేవు. అందుకని పెరట్లో పంది దగ్గరికెళ్లి, "కళ్లున్నాయని చెప్పవే. తీరిక లేదని చెప్పు" అనేవాడు. మర్నాడు మట్ట నరికేవాడు.

చేపల వేట మొదలైంది. సాయంత్రం పని ముగించుకుని వచ్చేటప్పుడు, ఆ రోజు వచ్చినవాటిలో కొత్తగా కనిపించినదాన్ని సంచిలో వేసి తెచ్చేదాన్ని. నచ్చకపోతే మర్నాడు మళ్లీ షెడ్డుకి తీసుకుపోయేదాన్ని.

మొదట నీలం చేప ఒకటి తెచ్చాను. వేలెడంత, నిప్పురవ్వలా మెరుస్తోంది. అమ్మ సంచిని ఎత్తి వెలుతుర్లో పట్టుకుంది. చేప సంచిలో తన నీడ చూసుకుని, దాన్నే పొడవడం మొదలుపెట్టింది.

"తన మొహంతోనే తను కొట్లాడుతోంది చూడు. మీ చిన్న మేనత్తే ఇది. తీసుకుపో తల్లీ."

ఇంకోరోజు ఆకుపచ్చ మీద నీలం మెలికలున్న చేపని తెచ్చాను. బాతిక్ బట్ట కట్టుకున్నట్టుంటుంది, నెమ్మదిగా పాకుతూ తిరుగుతుంది, ఎవరి జోలికీ పోదు. అమ్మ సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎంత బాగుందే! ఏం తింటుంది?"

"బతికున్న సన్న పురుగుల్నే తింటుంది. మన రాళ్లలో ఉన్నవి కొన్నాళ్లు వస్తాయి."

"అవైపోతే?"

నేను సంచి ముడి మళ్లీ బిగించాను.

"ఓహో. నా కళ్లముందు అందంగా మాడి చస్తుందన్నమాట. పెద్ద పెద్ద తొట్టెలున్నవాళ్లకి ఇవ్వు దాన్ని. నాకొద్దు."

ఆ తరవాత తలకిందుల చేపల్ని తెచ్చాను. చాకు మొనలా సన్నగా ఉంటాయి, తల కిందికి పెట్టి, తోక పైకి పెట్టి, నిలువుగా గుంపుగా ఈదుతాయి. అమ్మ వాటిని చూడ్డానికి తల పక్కకి వంచి, ఇంకా వంచి, చివరికి తుంటి నొప్పి పుట్టేదాకా నవ్వింది.

"నేను తలకిందులుగా పడి మంచమెక్కాను. వీటికేం పోయేకాలం? కళ్లు తిరుగుతున్నాయే, తీసెయ్."

షెడ్డులో నాతో పనిచేసే ఆడవాళ్లకి ఇదొక వేడుకైపోయింది. "మీ అమ్మ ఎంచుకునేది చేపనా, అల్లుణ్ణా?" అని అడిగేవారు. నాకప్పటికి పెళ్లి కాలేదు. "అల్లుడైతే ఇన్ని వంకలు పెట్టదు, దొరికినవాడే చాలంటుంది" అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను అమ్మకి తల దువ్వుతున్నాను. ఉన్నట్టుండి, "దొరికిందే" అంది.

"ఏం దొరికింది?"

"చేప. ఇన్నాళ్లూ గుర్తే రాలేదు చూడు. నువ్వు నా కడుపులో ఉన్నావు అప్పుడు. మీ బాపా, మీ వా, తెల్ల ఇసుక దగ్గర మునిగి, బకెట్లో ఒకదాన్ని తెచ్చారు. బొటనవేలంత. తల మాత్రం కప్ప తల. కళ్ల మీద బంగారు కాటుక పెట్టినట్టుంది. నోరు మూసుకోవట్లేదు. ఏమైంది దీనికని వంగి చూస్తే, నోట్లోంచి కళ్లు కనబడ్డాయి."

"కళ్లా?"

"గుడ్లే. ప్రతి గుడ్డులోనూ రెండు కళ్లు. నోరంతా గుడ్లే. మగచేప అది. పొదిగేదాకా అలాగే నోట్లో పెట్టుకుని, తిండి మానేసి కూర్చుంటుందట. నాకు ఒళ్లు జలదరించింది. 'దీన్ని తీసుకెళ్లి దాని బావిలో దింపి రండి' అన్నాను. అది ఇసుకలో నిలువుగా బావి తవ్వుకుని, చుట్టూ రాళ్లూ గవ్వలూ పేర్చుకుని అందులో ఉంటుంది. 'ఏ బావో మాకేం తెలుసు, అక్కడ బోలెడున్నాయి' అన్నాడు అన్న. 'తెలియకపోతే వెతకండి. గాలి నా చేతిలో ఉంది, గుర్తుపెట్టుకోండి' అన్నాను."

"వెళ్లారా?"

"వెళ్లక? కంప్రెసర్ నా ఒళ్లో ఉంటే! ఇద్దరూ మునిగారు. చాలాసేపటికి పైకొచ్చారు. పడవ అంచు పట్టుకుని ఒకటే నవ్వు. ఊపిరాడనంత నవ్వు. ఎందుకు నవ్వారో ఇవాళ్టికీ చెప్పలేదు వెధవలు." అమ్మ నా చేతిలోంచి దువ్వెన తీసుకుని పక్కన పెట్టింది. "ఎవరి జోలికీ పోదు అది. తన బావి, తన రాళ్లు. ఎవరైనా మరీ దగ్గరికొస్తే నోరు బార్లా తెరిచి చూపిస్తుంది, అంతే. అది కావాలి నాకు."

బావి తవ్వే చేపని షెడ్డుకి ఎవరూ తెచ్చేవారు కాదు. వల కనబడితే చాలు, తోక ముందు పెట్టి బావిలోకి జారిపోతుంది. నాన్న మాత్రం మర్నాడే బయల్దేరాడు. పడవలో నేను కంప్రెసర్ దగ్గర కూర్చున్నాను. తెల్ల ఇసుక వాలు మీద నాన్న అటూ ఇటూ వల పరిచి, తరిమి, చివరికి ఇసుకని చేత్తో తవ్వి, ఖాళీ సంచితో పైకొచ్చాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సాయంత్రం గోడ అవతల కోడికి పాఠం మొదలైంది.

"విన్నావురా, బావిచేపని వలతో తరుముతున్నారట. గంపతో చెరువు తోడినట్టు. ఒకడు బావి మూతి మీద చిన్న వల బోర్లించి కదలకుండా పట్టుకోవాలి. ఇంకొకడు పక్కనుంచి ఇసుకలోకి పుల్ల పెట్టి మెల్లగా కదపాలి. అప్పుడు పైకొస్తుంది. ఇద్దరు కావాలిరా దానికి. ఇద్దరు!"

నాన్న లేచి పంది దగ్గరికెళ్లాడు. "ఇద్దరు కావాలట. ఆ రెండోవాడు నీళ్లంటే భయపడి ఒడ్డున ఉప్పు కాచుకుంటున్నాడని చెప్పవే."

అవతల చప్పుడు ఆగిపోయింది. కోడి కూడా నోరెత్తలేదు. ఆ మాట అన్నందుకు నాన్న అప్పటికే నొచ్చుకుంటున్నాడని ఆయన వీపు చూస్తేనే తెలిసింది.

అమ్మ మంచం మీంచి పిలిచింది. గట్టిగా కాదు, పక్కన కూర్చున్న మనిషిని పిలిచినట్టు.

"బ్లి. నాకోసం ఒక్కసారి దిగవా?"

బ్లి అంటే అన్న. అమ్మ తన అన్నని అలా నేరుగా అడగడం ఆ ఏళ్లన్నిటిలో మొదటిసారి. కోడి పేరు లేదు, పంది పేరు లేదు. అవతల మామ చెప్పు ఇసుకలో ఈడ్చిన చప్పుడు. తరవాత గొంతు వినబడింది.

"ఎప్పుడు?"

"రేపు పొద్దున్నే."

"సరే మాంగ్" అన్నాడు మామ. అమ్మ చిన్నప్పటి పేరు అది.

పొద్దున మామ పాత అద్దాల మాస్కు మెడలో వేసుకుని ఒడ్డుకి వచ్చాడు. పడవెక్కేటప్పుడు నాన్న చెయ్యి అందించాడు. మామ ఆ చెయ్యి పట్టుకోకుండా, పడవ పక్కకి కట్టిన వెదురు పట్టుకుని ఎక్కాడు. దారి పొడుగునా ఇద్దరూ నాతోనే మాట్లాడారు.

"రత్మీ, కంప్రెసర్ బెల్టు ఎప్పటిదో మీ బాపాని అడుగు."

"నిన్న వేసిన కొత్త బెల్టని మీ వాకి చెప్పు."

"మీ మధ్యలో నాకీ అవస్థేంటి? నేను మునిగి పారిపోతా, మీరిద్దరే మాట్లాడుకోండి" అన్నాను. ఇద్దరూ నవ్వలేదు. మామ వంగి బెల్టుని వేళ్లతో లాగి చూశాడు. అటు నొక్కి, ఇటు నొక్కి, ఇంకోసారి చూశాడు. నాన్న అటువైపు తిరిగి సముద్రం చూస్తూ నిలబడ్డాడు.

మునిగారు. లోతు ఎక్కువ లేదు, నాలుగు నిలువులుంటుందేమో. నీళ్లు గాజులా ఉన్నాయి. ఒక చెయ్యి కంప్రెసర్ మీద వేసి, నేను పడవ అంచు మీద బోర్లా పడుకుని మొహానికి మాస్కు పెట్టుకుని కిందికి చూశాను.

నీళ్ల కింద ఎవరూ మాట్లాడలేరు. అది వాళ్లకి కలిసొచ్చింది. నాన్న రెండు వేళ్లు చూపించాడు. మామ అరచెయ్యి అడ్డంగా తిప్పాడు. నాన్న తల ఊపి ఎడమవైపు తిరిగాడు. ఆ సైగల అర్థం నాకు తెలియదు. వాటిని వాళ్లు నేను పుట్టక ముందు నుంచీ వాడుతున్నారు, మధ్యలో ఇన్నేళ్లు మాటలు పోయినా చేతులు మర్చిపోలేదు. ఇంకో సంగతి కూడా చూశాను. ఒడ్డున కాలు ఈడ్చే మామ నీళ్లలో కుంటలేదు. వేగం లేదు గానీ, చేతులతో మెల్లగా తోసుకుంటూ, ఒళ్లు తేలికగా వదిలేసి, ఇంటికొచ్చిన మనిషిలా పోతున్నాడు. నాన్న ఒకచోట ఆగి, ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు. మామ వెనక్కి తిరిగి, 'ఏంటి?' అన్నట్టు చెయ్యి ఊపాడు. నాన్న ఏం లేదన్నట్టు ఊపి ముందుకి కదిలాడు.

ఒక బావికి చెరోవైపూ బోర్లా పడుకున్నారు. మామ గరిటెలా కుట్టిన వల పట్టుకున్నాడు. నాన్న వెదురుపుల్ల. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఇంకో బావికి వెళ్లారు. అక్కడా లేదు. కంప్రెసర్ వేడెక్కుతోంది, ఇక పైకి రమ్మని గొట్టం లాగుదామనుకుంటుండగా మామ పిడికిలి పైకెత్తాడు.

ఈసారి ఇద్దరూ తొందరపడకుండా, మధ్యమధ్య ఆగుతూ పైకొచ్చారు. మామ చేతిలోని సంచిలో బొటనవేలంత చేప. కప్ప తల, కళ్ల మీద బంగారు గీతలు. దాని నోట్లోకి తొంగిచూశాను. గుడ్లు లేవు. ఇద్దరూ పడవ అంచు పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నారు. మామ మాస్కు పైకి నెట్టి, నా వైపు కాదు, నాన్న వైపు చూశాడు.

"నెంగా. ఆ రోజు ఆ చేప అసలు బావి ఇందాకటిదే."

"కాదు బ్లి. దానికి ఎడమవైపుది. నేనప్పుడే చెప్పాను, నువ్వు విన్లేదు. అందుకేగా ఆ బావిలో అప్పటికే ఉంటున్నవాడు బయటికొచ్చి మన చేప తల పట్టుకుని గెంటేసింది."

"గెంటేసి నా మాస్కు మీద నోటినిండా ఇసుక ఊశాడు."

"నీ మాస్కు మీదే ఊశాడు. నా మీద కాదు. తప్పెవరిదో వాడికి తెలుసు."

మామ నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నాన్న కూడా నవ్వాడు. పాతికేళ్లుగా అమ్మకి చెప్పని సంగతి అదన్నమాట. తరవాత ఇద్దరూ పడవెక్కి, తడిబట్టలతో ఎదురెదురుగా కూర్చున్నారు. నవ్వు అయిపోయింది.

"సభలో నువ్వు చెప్పింది అబద్ధం కాదు" అన్నాడు మామ. "కానీ ముందు నా దగ్గరికొచ్చి చెప్పాల్సింది."

"వచ్చాను బ్లి. ముందురోజు సాయంత్రం. గుమ్మం దాకా వచ్చాను."

"మరి?"

"మీ ఆవిడ నీ కాలికి నూనె రాస్తోంది. నువ్వు కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టుకుని ఉన్నావు. చూశాను. లోపలికి అడుగు పడలేదు. వెనక్కొచ్చేశాను."

మామ తన ఎడమ మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, దాన్ని అలా రుద్దుతూ కూర్చున్నాడు. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. ఉప్పునీళ్లే అనుకున్నాను, అనుకోవడమే నయమనిపించింది.

"రత్మీ, ఇంజను తిప్పు" అన్నాడు మామ చివరికి. "మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

చేపసంచి ఎవరికీ ఇవ్వకుండా మామే పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. అన్నేళ్ల తరవాత. నేను అమ్మ మొహమే చూస్తున్నాను. అమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, "కాళ్లు కడుక్కుని రా. ఇసుకంతా నా వసారాలోనే దులపాలా?" అంది. నిన్న వచ్చి వెళ్లిన మనిషితో అన్నట్టే. మామ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాక, దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

తొట్టెలో వదిలిన చేప రాయి వెనక్కి పోయి దాక్కుంది. మర్నాటికీ రాలేదు. మామ వచ్చి, ఇసుకలో వేలు పెట్టి చూశాడు.

"నాలుగు వేళ్ల మందం ఇసుక పోశావా? ఇందులో అది బావేం తవ్వుతుంది? జానెడన్నా ఉండాలి."

"జానెడు పోస్తే నీళ్లెక్కడ పోయను, నీ నెత్తినా?"

"గవ్వలేవి? అన్నీ ఒకే సైజు రాళ్లు పోశావు. గోడ కట్టేవాడికి పెద్దరాయి, చిన్నరాయి, చిప్పపెంకు అన్నీ కావాలి."

"అయితే నువ్వే తే."

"తెస్తా."

ఇద్దరూ ఒడ్డుకి పోయి బుట్టెడు గవ్వలూ గులకరాళ్లూ ఏరుకొచ్చారు. ఇసుక పోశారు. ఎటువైపు ఎత్తుగా ఉండాలని మళ్లీ వాదించుకున్నారు. ఆ సాయంత్రం చేప బయటికొచ్చింది. నోటినిండా ఇసుక తీసుకుని, నాలుగంగుళాలు పక్కకి పోయి, ఊసింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ ఊసింది. మూడు రోజులు అదే పని. తరవాత గులకరాయి ఒకటి నోట కరుచుకుని బావి అంచున పెట్టి, వెనక్కి జరిగి చూసుకుని, నచ్చక తీసి పారేసి, ఇంకోటి తెచ్చింది. అమ్మ అన్నం తినడం మర్చిపోయి చూసేది.

"మీ ఇద్దరికంటే నయం. నోరుంది కానీ పనికి వాడుతోంది" అంది.

బావి లోతైన కొద్దీ పక్కనున్న పగడం ఒరిగి పడిపోయింది. నాన్న ప్రాణంగా పెంచిన పిలక అది. లేపి నిలబెడితే మర్నాటికి మళ్లీ పడింది. "దీన్ని పట్టి తెచ్చింది నేనే కదా, నన్ను నేను తిట్టుకోవాలి" అని గొణిగాడు. చివరికి పగడాన్నే ఇంకో మూలకి మార్చాడు. తొట్టె మీద చేప ఎగిరిపోకుండా మామ పాతవల కత్తిరించి మూత కట్టాడు. ఆ మూత కట్టడం మీద కూడా మాటామాటా వచ్చింది.

ఆ నెలల్ని తలుచుకుంటే నాకిప్పటికీ ముందు గుర్తొచ్చేది సాయంత్రాలు. పని నుంచి వచ్చేసరికి వసారాలో ముగ్గురూ ఉండేవారు. అమ్మ మంచం మీద, నాన్న కింద చాపమీద, మామ గడప మీద కాలు చాపుకుని. తాటికల్లు సీసా ఒకటి మధ్యలో. వేయించిన చిన్నచేపలు, మిరపకాయల సంబల్ పచ్చడి. తొట్టెలో బావిలోంచి సగం ఒళ్లు బయటపెట్టి, బంగారు కళ్లతో ఆ చేప వాళ్లనే చూస్తూ ఉండేది. పాత కబుర్లు. ఏ రాతి దగ్గర ఎంత పెద్ద తాబేలు కనిపించిందో, ఏ ఏడు ఎవరి పడవ బోల్తాపడిందో. చచ్చిపోయిన పగడాల గురించి కూడా చెప్పుకునేవారు. ఎక్కడ ఏ రంగుది ఉండేదో ముగ్గురికీ గుర్తే. ఒకరు మర్చిపోతే ఇంకొకరు అందుకునేవారు. సభ మాట మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేకపోయింది.

వానలు వచ్చాయి. అమ్మ చేతికర్ర పట్టుకుని లేచి నిలబడింది. మంచం నుంచి తొట్టె దాకా నడిచి, వెనకవైపుకి వెళ్లి, గాజుకి మొహం ఆనించి, "ఇటువైపు గోడ ఎంత బాగా కట్టిందో మీరెవ్వరూ చెప్పలేదేంటి!" అని కోప్పడింది. ఆ తరవాత కొన్నాళ్లకి ఒడ్డు దాకా నడవగలిగింది. పడవ మాత్రం మళ్లీ ఎక్కలేదు.

ఇంకా కొన్నేళ్లు బతికింది. మొదటి చేప ముసలిదై పోతే, అడగకుండానే ఇద్దరూ వెళ్లి ఇంకోదాన్ని తెచ్చారు. అమ్మ ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. దహనమైంది, బూడిద సముద్రంలో కలిపాం, ఊరంతా వచ్చింది, వెళ్లింది. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది.

ఇక మామ రాడనుకున్నాను. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం వచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. వసారాలోంచి గుసగుసలు వినబడ్డాయి.

"ఇసుక మార్చి ఎన్నాళ్లయింది?"

"మొన్నే మార్చాను."

"మొన్న మార్చితే ఇలా ఉంటుందా? గవ్వల కింద నల్లబడింది చూడు."

"నీ కళ్లు నల్లబడ్డాయి."

ఇద్దరూ తొట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి మరీ పోట్లాడుకుంటున్నారు. ఎందుకంత మెల్లగా అని నాకు ముందు అర్థం కాలేదు. తరవాత వెలిగింది. అది అమ్మ కునుకు తీసే వేళ. వెనక మంచం ఖాళీగా ఉంది, పరుపు కూడా తీసేశాం. వాళ్లకి ఆ సంగతి తట్టినట్టే లేదు.

గట్టిగానే మాట్లాడుకోండి అని చెబుదామని గుమ్మం దాకా వెళ్లాను. చెప్పలేదు. వెనక్కొచ్చి, వాళ్లిద్దరికీ కాఫీ పెట్టాను.